దావా వేస్తే ముందు బోనెక్కేది మన హక్కే

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో రూరల్ అనే ఒక చిన్న టెలిఫోన్ కంపెనీ తన ఫోన్ డైరెక్టరీలో నాలుగు దొంగ పేర్లు ఇరికించింది. ఆ పేర్లతో మనుషులు లేరు. ఎవరైనా డైరెక్టరీని కాపీ కొడితే పట్టుబడాలని వేసిన ఎర అది. ఎర పనిచేసింది. ఫీస్ట్ అనే మరో కంపెనీ అచ్చేసిన డైరెక్టరీలో 1,309 వివరాలు మక్కీకి మక్కీ అవే. లేని మనుషులు నలుగురూ అందులో చేరిపోయారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కింది కోర్టుల్లో రూరలే గెలిచింది. 1991లో కేసు అమెరికా సుప్రీంకోర్టుకు చేరేసరికి కథ తలకిందులైంది. కాపీ కొట్టారా లేదా అన్నది పక్కన పెట్టి, అసలు ఈ పేర్ల జాబితా మీద మీకు కాపీరైట్ ఎక్కడిది అని కోర్టు అడిగింది. చందాదారుల పేర్లను అక్షర క్రమంలో పేర్చడంలో సొంత సృజన ఏమీ లేదని, కష్టపడి పోగు చేసినంత మాత్రాన కాపీరైట్ రాదని తేల్చేసింది. దొంగ దొరికాడు. పోయిన సొత్తు మాత్రం ఇంటివాడిది కాదన్నారు.

మేధో సంపత్తి వివాదాల లాయరు పనిలో ఉన్న చిక్కంతా ఈ ఒక్క కేసులో కనిపిస్తుంది. పొలం ఎవరైనా ఆక్రమించుకుంటే గొడవ హద్దుల గురించో, పట్టా గురించో నడుస్తుంది. ఆ పొలం అసలు ఉందా అని ఎవరూ అడగరు. పేటెంటు, కాపీరైటు, ట్రేడ్‌మార్కుల దగ్గరికి వచ్చేసరికి ప్రతివాది మొదట అడిగేది అదే. నేను మీ పొలంలోకి రాలేదంటాడు. ఆ మాట పూర్తి కాకముందే, అసలు అక్కడ పొలమే లేదంటాడు. రెండూ ఒకేసారి వాదించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి దావా వేసినవాడు అవతలివాడిని కోర్టుకు లాగుతూనే తన హక్కును కూడా తీసుకెళ్లి పరీక్షకు పెడుతున్నాడన్నమాట. ఈ సంగతిని మొదటి రోజే క్లయింటుకు ఎక్కేలా చెప్పగలగాలి. అదేమీ తేలిక కాదు, ఎందుకంటే లాయరు దగ్గరికి వచ్చే సమయానికి క్లయింటు సాధారణంగా కోపంతో ఊగిపోతుంటాడు.

"వాడు నాది కాపీ కొట్టాడు" అంటాడు. ఆ చిన్న వాక్యంలో ఒక్కో మాటనూ విడదీసి చూడటమే లాయరు తొలి పని.

'నాది' అంటే ఎవరిది? కంపెనీదా, కంపెనీ పెట్టినాయన సొంత పేరు మీద ఉందా, రెండేళ్ల కిందట డబ్బిచ్చి పని చేయించుకున్న బయటి ప్రోగ్రామర్‌దా? బిల్లు కట్టేశాం కాబట్టి కోడ్ మాదే అనుకునే కంపెనీలు కొల్లలు. చాలా దేశాల చట్టాల్లో బయటి వ్యక్తి రాసిన కోడ్ మీద, గీసిన లోగో మీద హక్కు కాగితం మీద బదిలీ అయితే తప్ప రాసినవాడి దగ్గరే ఉండిపోతుంది. దావా వేశాక ఇది బయటపడితే కేసు గుమ్మంలోనే కూలిపోతుంది. అందుకే అనుభవమున్న లాయరు ముందు అవతలివాడి ఉత్పత్తిని చూడడు. సొంత క్లయింటు ఫైళ్లు తెప్పించుకుంటాడు. నియామక పత్రాలు, కాంట్రాక్టులు, బదిలీ పత్రాలు, వాటి మీద తేదీలు, సంతకాలు వరసగా చూసుకుంటాడు. బోరు కొట్టే పనే, కానీ చాలా కేసుల తలరాత ఇక్కడే తేలిపోతుంది.

ఇక 'కాపీ' అన్న మాట. సామాన్యుడి దృష్టిలో కాపీ అంటే ఒకటే అర్థం. చట్టంలో అది హక్కును బట్టి మారిపోతుంది. పేటెంటు కేసులో కాపీ కొట్టారని నిరూపించాల్సిన పనే లేదు. అవతలివాడు మీ పేరు కూడా వినకుండా సొంతంగా అదే కనిపెట్టినా ఉల్లంఘనే అవుతుంది. కాపీరైట్‌లో సరిగ్గా దానికి ఎదురు: ఇద్దరు వేర్వేరుగా ఒకే రకమైనది సృష్టిస్తే ఎవరిది వారిదే. ట్రేడ్ సీక్రెట్‌లో, అంటే కంపెనీ బయటపెట్టకుండా దాచుకున్న వ్యాపార రహస్యం విషయంలో, సమాచారం చేతికి ఎలా వచ్చిందన్నదే మొత్తం కేసు. ట్రేడ్‌మార్కులో కొనేవాడు పొరబడతాడా అన్నది చూస్తారు. ఒకే ఫిర్యాదు నాలుగు దార్లలో నాలుగు వేర్వేరు ప్రశ్నలుగా మారుతుంది. ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోవడం లాయరు తీసుకునే నిర్ణయాల్లో అన్నింటికన్నా పెద్దది.

పాత కాగితాల వేట

పేటెంటు ఇవ్వాలంటే ఆ ఆవిష్కరణ దరఖాస్తు నాటికి ప్రపంచానికి కొత్తదై ఉండాలి. పరీక్షించే అధికారికి ఉండే సమయం తక్కువ. ప్రతివాది తరఫు లాయరుకు మాత్రం దావా పడ్డాక నెలల సమయం ఉంటుంది, వెతికించడానికి క్లయింటు డబ్బు ఉంటుంది. అధికారి కంటపడని పాత కాగితం ఒక్కటి దొరికినా పేటెంటు రద్దు కావొచ్చు. పాత కేటలాగులు, మూతపడిన పత్రికలు, ఎగ్జిబిషన్లలో పంచిన కరపత్రాలు, వేరే భాషల్లోని పరిశోధన వ్యాసాలు, ఇంటర్నెట్ ఆర్కైవుల్లో మిగిలిపోయిన పేజీలు అన్నీ తవ్వుతారు.

ఎంత మారుమూల కాగితమైతే లెక్కలోకి వస్తుంది? ఈ ప్రశ్న మీద పేటెంటు అప్పీళ్లు వినే అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఇచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదవాలి. 1986 నాటి కేసులో ఒక పేటెంటుకు అడ్డుపడింది జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఒక పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం. అక్కడి లైబ్రరీ అల్మరాలో ఉంది, కేటలాగులో ఎక్కింది, అంతే. వెళ్లి అడిగితే ఎవరికైనా ఇస్తారు కాబట్టి అది లోకానికి తెలిసినట్టే అన్నారు. మూడేళ్ల తర్వాత 1989లో మరో కేసు. ఈసారి ఒక అమెరికన్ కాలేజీ విద్యార్థులు రాసిన మూడు థీసిస్‌లు. వాటి వివరాలు చిన్న కార్డుల మీద రాసి, ఒక చెప్పుల పెట్టెలో పెట్టారు. కార్డులు రాసినవాళ్ల పేర్ల వరసలో ఉన్నాయే తప్ప విషయం వరసలో లేవు. ఆ సంగతి మీద వెతికేవాడికి ఆ విద్యార్థి పేరు ఎలా తెలుస్తుంది? కాబట్టి అది లోకానికి అందుబాటులో ఉన్నట్టు కాదన్నారు. లైబ్రరీ కేటలాగుకూ చెప్పుల పెట్టెకూ ఉన్న తేడా ఒక పేటెంటును ముంచింది, ఒకదాన్ని గట్టెక్కించింది. ఇలాంటి సందర్భాల్లో లాయరు చివరికి లైబ్రేరియన్‌ను పట్టుకుని ఈ పుస్తకానికి కేటలాగు కార్డు ఏ తేదీన రాశారో అఫిడవిట్ ఇప్పించుకోవాల్సి వస్తుంది.

పేటెంటు పూర్తిగా రద్దు కాకపోయినా, దాన్ని కుదించి కేసు గెలవొచ్చు. జార్జ్ సెల్డన్ అనే ఆయన 1879లో మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టి, నింపాదిగా సవరణలు చేసుకుంటూ 1895లో తీసుకున్నాడు. ఆ పేటెంటు అడ్డం పెట్టి అమెరికాలో కార్లు తయారు చేసేవాళ్లలో చాలామంది దగ్గర రాయల్టీ వసూలు చేశారు. హెన్రీ ఫోర్డ్ కట్టనన్నాడు. 1903లో దావా పడింది, 1909లో ఫోర్డ్ ఓడిపోయాడు. 1911లో అప్పీలు కోర్టు చెప్పిన మాట చూడండి: పేటెంటు చెల్లుతుంది, కానీ అది బ్రేటన్ తరహా ఇంజిన్‌కే వర్తిస్తుంది, ఫోర్డ్ వాడేది వేరే రకమైన ఒట్టో తరహా ఇంజిన్. అప్పటికి దాదాపు అందరూ ఒట్టో ఇంజిన్లే వాడుతున్నారు. పేటెంటు బతికే ఉంది, వసూలు చేసుకోవడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

ఈ రెండు ప్రశ్నలనూ, అంటే హక్కు చెల్లుతుందా, ఉల్లంఘన జరిగిందా అన్నవాటిని, ఎవరు తేల్చాలన్న దాంట్లో దేశానికో పద్ధతి. జర్మనీలో ఉల్లంఘన చూసేది ప్రాంతీయ కోర్టులు, చెల్లుబాటు చూసేది మ్యూనిక్‌లోని ఫెడరల్ పేటెంట్ కోర్టు. ఉల్లంఘన తీర్పు ముందు వచ్చేసి, ఆ పేటెంటే చెల్లదన్న తీర్పు తర్వాత వచ్చిన సందర్భాలున్నాయి. ఈలోగా ఫ్యాక్టరీ ఆగిపోయినవాడి గతేమిటో ఊహించుకోవచ్చు. అమెరికాలో 2012 నుంచి పేటెంట్ ఆఫీసులోనే పేటెంటును సవాలు చేసే మరో దారి తెరిచారు. దావా కాగితాలు అందిన ఏడాదిలోగా ఆ దారి పట్టాలి. భారత్‌లో జిల్లా కోర్టులో పేటెంటు దావా వేస్తే, ప్రతివాది రద్దు కోరుతూ ఎదురు దావా వేయగానే కేసు హైకోర్టుకు వెళ్లిపోతుంది. 2003లో పని మొదలుపెట్టిన మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డును 2021లో ఎత్తేశాక హైకోర్టుల మీద ఈ భారం ఇంకా పెరిగింది. యూరప్‌లో 2023 జూన్ 1న మొదలైన ఏకీకృత పేటెంట్ కోర్టు ఒకే తీర్పుతో అనేక దేశాల్లో అమ్మకాలు ఆపేయగలదు. ఒకే తీర్పుతో ఆ దేశాలన్నింటిలోనూ పేటెంటును రద్దు కూడా చేయగలదు. ఎక్కడ దావా వేయాలన్నది ఇప్పుడు అచ్చంగా జూదంలా తయారైంది.

'కు'కూ 'లో'కూ తేడా

పేటెంటు చివర్లో నంబర్లు వేసి రాసే వాక్యాలను క్లెయిములంటారు. హద్దు రాళ్లు అవే. వాటిలో ప్రతి మాటకూ అర్థం తేల్చడం మీదే పేటెంటు లాయర్ల సమయం ఎక్కువగా ఖర్చవుతుంది. అమెరికాలో ఈ పని జడ్జిదే తప్ప జ్యూరీది కాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పాక, ఒక్కో మాట అర్థం మీద ప్రత్యేకంగా విచారణలు పెట్టుకుంటున్నారు. చాలాసార్లు ఆ విచారణ అయిపోయిన వారంలోనే రాజీ మాటలు మొదలవుతాయి.

మాట ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే 2004లో తీర్పు వచ్చిన షెఫ్ అమెరికా కేసు చదవాలి. పిండి ముద్దను కాల్చే ఒక పద్ధతికి పేటెంటు ఉంది. ఓవెన్ 400 నుంచి 850 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో ఉండాలన్నది కనిపెట్టినవాళ్ల ఉద్దేశం. క్లెయిములో పడింది మాత్రం పిండిని ఆ ఉష్ణోగ్రతకు వేడి చేయాలని. 'ఉష్ణోగ్రతలో' అని ఉండాల్సిన చోట 'ఉష్ణోగ్రతకు' అని ఉంది. ఇంగ్లిష్‌లో రెండక్షరాల మాట అది. పిండే అంత వేడెక్కితే మాడి బొగ్గయిపోతుందని నిపుణులు చెప్పారు. ఎవరూ బొగ్గు చేయడానికి పేటెంటు తీసుకోరని వాదించారు. కోర్టు కరగలేదు. రాసింది స్పష్టంగా ఉన్నప్పుడు అది అర్థం లేనిదైనా దాన్ని దిద్దడం మా పని కాదంది. ప్రతివాది పిండి ఎన్నడూ అంత వేడెక్కలేదు కాబట్టి ఉల్లంఘన లేదు. కేసు పోయింది కోర్టులో అనుకుంటాం కానీ, ఏళ్ల ముందు దరఖాస్తు రాసిన బల్ల దగ్గరే పోయింది. కష్టమేమిటంటే వివాదాల లాయరుకు ఆ మాట వారసత్వంగా వస్తుంది. ఆయన దాన్ని రాయలేదు, మార్చలేడు, దాన్నే పట్టుకుని పోరాడాలి.

అన్ని కోర్టులూ అంత పట్టుదలగా ఉంటాయా అంటే ఉండవు. ఎపిలేడీ అనే వెంట్రుకలు పీకే యంత్రం ఉండేది. చుట్టలు చుట్టిన స్ప్రింగును వంచి గిర్రున తిప్పితే ఒక వైపు చుట్టలు విచ్చుకుంటాయి, రెండో వైపు దగ్గరవుతాయి. వాటి మధ్య చిక్కిన వెంట్రుక ఊడి వస్తుంది. క్లెయిములో ఉన్న మాట 'హెలికల్ స్ప్రింగ్'. రెమింగ్టన్ కంపెనీ స్ప్రింగు తీసేసి, గాట్లు పెట్టిన రబ్బరు కడ్డీ పెట్టింది. వంచి తిప్పితే ఆ గాట్లూ అలాగే తెరుచుకుని మూసుకుంటాయి. పని అదే, వస్తువు వేరు. 1989లో ఇంగ్లండ్ కోర్టు స్ప్రింగ్ అంటే స్ప్రింగే, రబ్బరు కడ్డీ కాదంది. జర్మనీలో అదే యూరోపియన్ పేటెంటు మీద, అదే రబ్బరు కడ్డీ చూసి, ఇది ఉల్లంఘనే అన్నారు. రెండు దేశాలూ ఒకే ఒప్పందానికి కట్టుబడినవి, రెండు చోట్లా తెలివైన జడ్జిలే. బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో ఒక క్యాన్సర్ మందు కేసులో తన పాత ధోరణిని సడలించుకుని, మాటకు సమానమైన ప్రత్యామ్నాయాలను కూడా లెక్కలోకి తీసుకోవాలంది. ఈలోపు గడిచిన ఇరవై ఎనిమిదేళ్లలో ఇంగ్లండ్ లాయర్లు క్లయింట్లకు ఇచ్చిన సలహాలు ఒక్క తీర్పుతో పాతబడిపోయాయి.

నోటీసు పంపాలా వద్దా

గొడవ అనగానే లీగల్ నోటీసు పంపేద్దాం అంటారు. ఈ రంగంలో అది కూడా చూసుకుని వేయాల్సిన అడుగే. ఆధారం లేకుండా పేటెంటు, ట్రేడ్‌మార్కు దావా వేస్తామని బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవాడే ఎదురు తిరిగి దావా వేయొచ్చని భారత్, బ్రిటన్ లాంటి దేశాల చట్టాల్లో ఉంది. బ్రిటన్ 2017లో దీనికోసం ప్రత్యేకంగా చట్టాన్నే తిరగరాసింది. ముఖ్యంగా తయారీదారును వదిలేసి వాడి డీలర్లకు నోటీసులు పంపి భయపెట్టడం ఈ చట్టాలకు అసలు గిట్టదు. డీలరు పోరాడడు, సరుకు తిప్పి పంపేస్తాడు. హక్కు ఉందో లేదో తేలకుండానే వ్యాపారం పోతుంది.

నోటీసు ఇంకో రకంగానూ బెడిసికొడుతుంది. తారీఖు, కోర్టు ఎంచుకునే అవకాశం అవతలివాడికి ఇచ్చినట్టవుతుంది. 2007లో రెండు స్పార్క్ ప్లగ్గుల ఇంజిన్ పేటెంటు మీద బజాజ్, టీవీఎస్ కంపెనీల మధ్య గొడవ మొదలైనప్పుడు రెండు వైపులా దావాలు పడ్డాయి. నిరాధారమైన బెదిరింపులంటూ టీవీఎస్, ఉల్లంఘనంటూ బజాజ్. చాలామంది లాయర్లు అందుకే నోటీసులో హెచ్చరిక లేకుండా, మా పేటెంటు నంబరు ఇది, మీ దృష్టికి తెస్తున్నాం అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. చదివితే చప్పగా ఉంటుంది. ఆ చప్పదనం వెనక రెండు రోజుల ఆలోచన ఉంటుంది.

పొద్దున్నే తలుపు తట్టి

అవతలివాడికి తెలిస్తే సాక్ష్యాలు మాయం చేస్తాడనిపించినప్పుడు నోటీసు ప్రసక్తే ఉండదు. 1975లో ఇంగ్లండ్‌లో ఆంటన్ పిల్లర్ అనే జర్మన్ మోటార్ల కంపెనీ కేసులో అప్పీలు కోర్టు ఒక కొత్త ఆయుధం చేతికిచ్చింది. అవతలి పక్షాన్ని పిలవకుండా, రహస్యంగా విచారించి, నేరుగా వాళ్ల ఆవరణలోకి వెళ్లి కాగితాలు వెతికి భద్రపరచుకునే ఉత్తర్వు అది. భారత్‌లో కోర్టులు ఇదే పనికి లోకల్ కమిషనర్లను నియమిస్తాయి. నకిలీలు ఎవరు చేస్తున్నారో పేరు కూడా తెలియనప్పుడు గుర్తు తెలియని ప్రతివాది మీద ఉత్తర్వు తీసుకుంటారు. పశ్చిమ దేశాల్లో ఆ ఊహా ప్రతివాది పేరు జాన్ డో, మన కోర్టుల్లో అశోక్ కుమార్. ఆ పేరున్న అమాయకులు ఎంతమంది ఉలిక్కిపడి ఉంటారో!

ఈ ఆయుధం ఎంత పదునైనదో 1992లో ఇంగ్లండ్‌లోనే ఒక కేసు చూపించింది. యూనివర్సల్ థర్మోసెన్సర్స్ అనే కంపెనీ, కస్టమర్ల వివరాలు పట్టుకుపోయారని పాత ఉద్యోగుల మీద వెతుకులాట ఉత్తర్వు తెచ్చుకుంది. ఉదయం 7.15కు ఒక ఇంటి తలుపు తట్టారు. రాత్రి బట్టల్లోనే ఒక మహిళ తలుపు తీసింది. ఇంట్లో ఆమె, పక్క మీద పిల్లలు, అంతే. లాయరును సంప్రదించొచ్చని ఉత్తర్వులో రాసి ఉంది, కానీ ఆ వేళకు ఏ లాయరు దొరుకుతాడు? ఇంకెవరితోనూ మాట్లాడకూడదని అదే ఉత్తర్వు చెబుతోంది. కోర్టు దీన్ని తీవ్రంగా తీసుకుంది. ఆ తర్వాత ఇలాంటి ఉత్తర్వులు ఆఫీసు వేళల్లోనే అమలు కావాలని, ఏ పక్షానికీ చెందని ఒక అనుభవజ్ఞుడైన లాయరు దగ్గరుండి చూడాలని, ఇంట్లో ఒంటరి మహిళ ఉండే అవకాశముంటే వెళ్లేవాళ్లలో మహిళ ఉండాలని పద్ధతులు వచ్చాయి.

అవతలివాడు లేని గదిలో జడ్జితో మాట్లాడే లాయరు మీద ఇంకో భారం ఉంటుంది. తన క్లయింటుకు వ్యతిరేకంగా ఉన్న విషయాలను కూడా తనే చెప్పాలి. దాచిపెట్టి ఉత్తర్వు తెచ్చుకుంటే, బయటపడిన రోజు ఆ ఉత్తర్వు ఎగిరిపోతుంది, దాంతోపాటు ఆ లాయరు మాటకు ఆ కోర్టులో ఉన్న విలువ కూడా. మధ్యంతర ఇంజంక్షన్‌కు, అంటే కేసు తేలేదాకా అవతలివాడి పని ఆపేసే ఉత్తర్వుకు కూడా ఊరికే ఊ అనరు. తీవ్రంగా ఆలోచించాల్సిన ప్రశ్న ఉందా, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టమా, ఆపితే ఎవరికెక్కువ ఇబ్బంది అని 1975 నాటి అమెరికన్ సైనమిడ్ తీర్పు నుంచి చాలా కోర్టులు ఒకే రకంగా అడుగుతున్నాయి. చివరికి ఓడిపోతే అవతలివాడి నష్టం భరిస్తానని వాది హామీ కూడా రాసివ్వాల్సి వస్తుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు క్లయింటు ధైర్యం ఎంతో తెలిసిపోతుంది.

తాళం వేసిన గది

సాఫ్ట్‌వేర్ కేసుల్లో అవతలి కంపెనీ సోర్స్ కోడ్ చూడకుండా ఏదీ తేలదు. పోటీదారు చేతిలో కోడ్ పెట్టడానికి ఎవరు ఒప్పుకుంటారు? అమెరికాలో దీనికి ఒక ఏర్పాటు స్థిరపడింది. ఇంటర్నెట్ లేని ఒక కంప్యూటరు, తాళం వేసిన గది, పెన్‌డ్రైవ్ పెట్టడానికి వీల్లేకుండా మూసేసిన పోర్టులు. కోర్టు ఒప్పుకున్న బయటి నిపుణుడు, బయటి లాయరు మాత్రమే లోపలికి వెళ్తారు, ఫోను బయటే వదిలేయాలి. ఇన్ని పేజీలకు మించి ప్రింట్ తీయకూడదని లెక్క కూడా ఉంటుంది. అక్కడ చూసింది లాయరు సొంత క్లయింటుకు కూడా చెప్పకూడదు. "మన అవకాశాలు ఎలా ఉన్నాయి?" అని క్లయింటు అడుగుతాడు. జవాబు తెలుసు, కారణం మాత్రం చెప్పకుండా జవాబు చెప్పాలి. పైకి కనిపించని టెన్షన్ అది.

అన్నిసార్లూ ఇంత కష్టపడాల్సిన పని రాదు. డ్రైవర్ లేని కార్ల కంపెనీ వేమోకూ ఊబర్‌కూ మధ్య నడిచిన కేసులో తీగ పొరపాటున చేతికొచ్చింది. ఆ కార్ల లేజర్ సెన్సర్ భాగాలు అందించే ఒక సరఫరాదారు, ఊబర్ సర్క్యూట్ బోర్డు డ్రాయింగున్న ఈమెయిల్‌ను పొరపాటున వేమో ఉద్యోగికి కూడా పంపాడు. చూస్తే తమ బోర్డులాగే ఉంది. లోపల వెతికితే, వెళ్లిపోయిన ఒక ఇంజినీరు సుమారు 14,000 ఫైళ్లు దించుకున్నట్టు కంప్యూటరు రికార్డుల్లో కనిపించిందన్నది వేమో వాదన. 2017 ఫిబ్రవరిలో దావా పడింది. ట్రేడ్ సీక్రెట్ కేసుల్లో కథ ఇలా లాగ్ ఫైళ్లలో, తేదీల్లో, ఆఖరి వారం రాత్రి వేళ తగిలించిన హార్డ్ డిస్కుల్లో దొరుకుతుంది.

ట్రేడ్‌మార్కు కేసుల్లో సాక్ష్యం పూర్తిగా వేరే చోట, కొనేవాడి బుర్రలో ఉంటుంది. పూర్తిగా గుర్తుండని మనిషి, తొందరలో ఉన్న మనిషి రెండు పేర్లు పక్కపక్కన పెట్టి పోల్చుకోడు. ఆ మనిషి ఎలా పొరబడతాడో సర్వేలు చేయించి చూపించాలి. ప్రశ్న అడిగిన తీరులోనే జవాబు ఉందని అవతలి లాయరు ఆ సర్వేని చీల్చి చెండాడతాడు. మందుల విషయంలో ఇంకొంచెం గట్టిగా ఉండాలని 2001లో భారత సుప్రీంకోర్టు చెప్పింది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే రెండు మలేరియా మందుల పేర్ల మీద కేసు అది. సబ్బు విషయంలో పొరబడితే డబ్బు పోతుంది, మందు విషయంలో పొరబడితే ప్రాణం పోతుంది. డాక్టరు రాస్తాడు కదా, పొరబాటుకు చోటెక్కడ అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు.

గెలిస్తే ఏం మిగులుతుంది

పోలరాయిడ్, కోడాక్ కేసు గెలుపు ఎంత ఖరీదైనదో చెబుతుంది. కోడాక్ 1976లో అప్పటికప్పుడు ఫోటో చేతికిచ్చే కెమెరా ప్రకటించిన వెంటనే పోలరాయిడ్ దావా వేసింది. తీర్పు 1985లో వచ్చింది. 1986 జనవరిలో కోడాక్ ఆ వ్యాపారం మొత్తం మూసేసి, కొన్నవాళ్లకు ఫిల్మ్ కూడా ఇవ్వలేని స్థితికి వచ్చింది. నష్టపరిహారం లెక్క తేలడానికి 1990 దాకా పట్టింది. 1991లో 92.5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకున్నారు. మొత్తం పదిహేనేళ్లు. కోడాక్ లేకపోతే పోలరాయిడ్ ఎన్ని కెమెరాలు అమ్మేది, ఏ ధరకు అమ్మేది, ఫ్యాక్టరీ అన్ని చేయగలిగేదా? నష్టం లెక్కంటే జరగని చరిత్రను అంకెల్లో రాయడం. అందుకే లాయరు పక్కన ఎకనామిస్టు కూర్చుంటాడు.

డబ్బుకన్నా పెద్ద బెదిరింపు అమ్మకాలు ఆపేయించే ఇంజంక్షన్. బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీ 2006 మార్చిలో ఎన్‌టీపీ అనే సంస్థకు 61.25 కోట్ల డాలర్లు కట్టింది. ఎన్‌టీపీ ఏ ఫోనూ తయారు చేయదు. దాని పేటెంట్లను పేటెంట్ ఆఫీసు మళ్లీ పరీక్షిస్తోంది, తిరస్కరణలు కూడా మొదలయ్యాయి. అయినా సర్వీసు ఆగిపోతుందన్న భయం ముందు అవేవీ పనిచేయలేదు. రెండు నెలలకే, మే నెలలో, ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఉల్లంఘన తేలగానే ఇంజంక్షన్ దానంతటదే రాదంది. నాలుగు అంశాలు తూచి చూడాలంది. ఆ రెండు నెలలు ఆగి ఉంటే ఎంత మిగిలేదో ఎవరూ చెప్పలేరు, కానీ బేరం బలం మాత్రం కచ్చితంగా మారి ఉండేది.

లాయరు లేకుండా పోరాడినవాళ్లూ ఉన్నారు. కారు అద్దం తుడిచే వైపర్ ఆగి ఆగి కదిలే పద్ధతిని కనిపెట్టిన రాబర్ట్ కెర్న్స్ 1978లో ఫోర్డ్ మీద, 1982లో క్రైస్లర్ మీద దావాలు వేశాడు. ఫోర్డ్ కోటీ రెండు లక్షల డాలర్లు ఇచ్చింది. క్రైస్లర్ కేసును ఆయన చాలావరకు తనే వాదించుకుని గెలిచాడు. మిగతా కార్ల కంపెనీల మీద వేసిన దావాలు మాత్రం గడువులోగా కాగితాలు దాఖలు చేయలేక కొట్టేయించుకున్నాడు. ఆవిష్కరణ అదే, పేటెంట్లు అవే. పోయింది క్యాలెండర్ దగ్గర.

ఎక్కువ కేసులు తీర్పు దాకా రావు. వేమో కేసు 2018 ఫిబ్రవరిలో విచారణ మొదలైన ఐదో రోజున, ఊబర్ షేర్లలో 0.34 శాతం ఇచ్చే ఒప్పందంతో ముగిసింది. బజాజ్, టీవీఎస్ పన్నెండేళ్ల తర్వాత 2019లో అన్ని కేసులూ వెనక్కి తీసుకున్నాయి. రాజీ పత్రం రాసేటప్పుడు లాయరు పని మళ్లీ మాటల దగ్గరికే వస్తుంది. ఏ ఉత్పత్తులకు, ఏ దేశాల్లో, ఎంతకాలం, కంపెనీ చేతులు మారితే లైసెన్సు కూడా వెళ్తుందా, రేపు పేటెంటు రద్దయితే కట్టిన డబ్బు తిరిగొస్తుందా అన్నవన్నీ రాసుకోవాలి. అది సంతకమయ్యాక ఇంకో పని మిగులుతుంది. కేసు నడిచినన్నాళ్లూ చదివిన అవతలి కంపెనీ డిజైన్లు, ధరల పట్టికలు, కోడ్ ప్రింట్లు తిరిగి ఇచ్చేయాలి, లేదా నాశనం చేయాలి. జూనియర్లు అట్టపెట్టెలు దించి ఒక్కో కట్టా ష్రెడ్డర్‌లో పెడతారు. నిపుణుడి ల్యాప్‌టాప్‌లో కాపీ ఏమైనా ఉందేమో అడుగుతారు. తర్వాత మా దగ్గర ఏమీ మిగల్లేదని ఒక పేజీ కాగితం మీద రాసి, లాయరు సంతకం చేసి, మొన్నటిదాకా తనతో వాదించిన లాయరుకు పంపుతాడు.